రైస్ మిల్లుకు సంఘమున్నది.. లేత్ షాపుకేది?

వడ్ల సీజన్ వచ్చిందంటె కరీంనగర్, పెద్దపల్లి జిల్లా పేజీలల్ల ఒక ఫొటో తప్పకుంట కనవడ్తది. రైస్ మిల్లర్ల సంఘం పెద్దమనుషులు సివిల్ సప్లయ్స్ ఆఫీసర్ల ముంగట కూసోని మిల్లింగ్ చార్జీల ముచ్చట మాట్లాడుతుంటరు. గ్రానైట్ మీద సీనరేజి ముచ్చటొస్తె క్వారీలోళ్ల సంఘం ఉరుకుతది. సిరిసిల్లల మగ్గం ఆగితె ఆసాములు ఒక దిక్కు, కార్మికులు ఒక దిక్కు జెండా వట్టుకోని రోడ్డెక్కుతరు. సింగరేణిల యూనియన్ల సంగతి మనకు ఒకలు చెప్పెడిదేమున్నది!

కని ఆ రైస్ మిల్లుల షాఫ్టు ఇరిగితె రాత్రికి రాత్రి చేసిచ్చేదెవలు? క్వారీ మిషిన్ల బుష్ అరిగితె కొత్తది కోసిచ్చేదెవలు? మన లేత్ షాపాయన. ఆయన మాత్రం ఏ ఫొటోల ఉండడు. ఏ మీటింగుకూ ఆయనను పిలువరు. ఎందుకు పిలుస్తరు? ఆయన ఒక్కడే. ఒక్కనికి కుర్సీ ఎయ్యరు, పదిమందికి ఏస్తరు. గిదే ఇయ్యాల్టి ముచ్చట.

వెంట్రుకల నాలుగో వంతు పని

ఐటీఐల టర్నర్, మెషినిస్ట్ ట్రేడు చదివిన తమ్ముళ్లకు ఇది ఎరుకే. ఎరుక లేనోళ్ల కోసం చెప్తున్న. 50 మిల్లీమీటర్ల షాఫ్టు మీద బేరింగ్ కూసోవాలంటె, ‘కే6’ అనే ఫిట్టు ప్రకారం ఆ షాఫ్టు 50.002 కంటె తక్కువుండొద్దు, 50.018 కంటె ఎక్కువుండొద్దు. నడుమ ఉన్నది 16 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటె వెంట్రుకల నాలుగో వంతు జాగల పని తెగాలె. జర ఎక్కువ కోస్తె బేరింగ్ వదులైతది, జర తక్కువ కోస్తె ఎక్కదు.

గింత సూటి పని చేసెటోళ్లు గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్, కరీంనగర్, సుల్తానాబాద్ దిక్కు చిన్న చిన్న షెడ్లల్ల ఉన్నరు. వాళ్ల చుట్టు ఉన్న గిరాకీ చూడుండ్రి. రామగుండంల ఎన్టీపీసీ 1983 నుంచి కరెంటు తీస్తున్నది. పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, పక్కకే తెలంగాణ ప్లాంటు 1,600 మెగావాట్లు. జైపూర్‌ల సింగరేణి సొంత ప్లాంటు 1,200 మెగావాట్లు. 1999ల మూతవడ్డ ఎరువుల ఫ్యాక్టరీ జాగల ఆర్‌ఎఫ్‌సీఎల్ వచ్చి 2021ల యూరియా మొదలువెట్టింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014ల ఆగి, 2018ల మళ్ల తిరిగింది. బసంత్‌నగర్, దేవాపూర్‌ల సిమెంటు. ఊరూరికి రైస్ మిల్లులు. ఇయ్యన్ని తిరగాలంటె షాఫ్టులు, రోలర్లు, పంపు పార్టులు, గేర్లు రోజు కావాలె.

మరి ఇంత గిరాకీ నడుమ ఉన్న షాపు ఎందుకు ఎదుగుతలేదు? నేను చూసినంత వరకు మూడు కారణాలున్నయి. పెద్ద కంపెనీ గడప లోపటికి పోలేడు. చేసిన పనికి పైసలు యాళ్లకు రావు. కొత్త మిషిన్, కొలిచే సామాను కొనే తాకత్ లేదు. ఈ మూడింటికి చట్టంల, సర్కారు స్కీముల మందున్నది. కని ఆ మందు ఒక్కనికి అందదు. అదే అసలు సమస్య.

25 శాతం కాయిదం మీద ఉన్నది

కేంద్ర సర్కారు 2012ల ఒక ఆర్డర్ తెచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు కొనే సామాన్ల కొంత వాటా సూక్ష్మ, చిన్న యూనిట్ల కాడనే కొనాలె. ముందుగాల అది 20 శాతం, 2018ల 25 శాతం చేసిన్రు. అండ్ల 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం ఆడోళ్ల యూనిట్ల నుంచి తీసుకోవాలె. 358 రకాల సామాన్లు చిన్న యూనిట్లకే రిజర్వు. టెండర్ ఫారం ఫ్రీ, ధరావతు కట్టే పని లేదు. ఇంకొకటున్నది: అందరికంటె తక్కువ రేటు ఏసినోని మీద 15 శాతం లోపల మన రేటుంటె, ఆ తక్కువ రేటుకు మనం ఒప్పుకుంటె, మనకు సుత ఆర్డర్ల వాటా ఇయ్యొచ్చు.

ఎన్టీపీసీ కేంద్ర కంపెనీ. అంటె ఈ రూల్ ఆడ నడుస్తది. సింగరేణి సంగతి వేరు. అండ్ల రాష్ట్రం వాటా 51, కేంద్రం వాటా 49. 2012 ఆర్డర్ రాసింది కేంద్ర శాఖలకు, కేంద్ర కంపెనీలకు. కాబట్టి “ఎన్టీపీసీల ఉన్నది, సింగరేణిల సుత ఉంటది తియ్” అనుకుంటె కుదరదు. ఆడ టెండర్‌ల ఏం రాసున్నదో చదువుకోవాలె. తక్కువున్నదనిపిస్తె రాష్ట్ర సర్కారును అడగాలె. ఎవలు అడగాలె? పొద్దుగాల ఎనిమిదింటికి షెటర్ లేపి, రాత్రి పదింటికి దించే మనిషి సచివాలయానికి పోతడా? పోతె ఆ రోజు మిషిన్ ఆగుతది, ఇంట్ల పొయ్యి ఆగుతది. సంఘముంటె ఒక్కడు పోతడు, మిగిలినోళ్ల మిషిన్లు తిరుగుతయి.

సింగరేణి ముచ్చటల ఇంకోటి యాది పెట్టుకోవాలె. ఒకప్పుడు అండర్‌గ్రౌండ్ బాయిలు నిండుగ ఉన్నప్పుడు హాలేజీలు, టబ్బులు, పంపుల రిపేరు పని మస్తుండేది. ఇప్పుడు బొగ్గుల ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులకెళ్లే వస్తున్నది. డంపర్లు, షావెళ్లు పెద్ద కంపెనీలయి, వాటి స్పేర్లు సుత ఎక్కువ ఆ కంపెనీలకెళ్లే వస్తయి. పని రూపం మారుతున్నదంటె ఎక్కడ ఏం పార్టు కావాలెనో ముందుగాల తెలుసుకునెటోడే బతుకుతడు. ఆ ఖబర్ ఒక్కని చెవుల పడదు, నలుగురు కూసున్న కాడ పడతది.

బిల్లు ఆగితె ఎవలకు చెప్పుకోవాలె?

నాకెరుకైన ఒక షాపుల పని చేసిచ్చిన పది నెల్లకు పైసలు వచ్చినయి. కంపెనీ పేరు రాయను. ఆ పది నెల్లు ఆయన ఇనుము ఉద్దెర తెచ్చిండు, హెల్పర్‌కు జీతం చిట్టీ ఎత్తి ఇచ్చిండు. “చట్టమున్నది గద, కేసు ఎయ్యరాదె కాకా” అంటె ఆయన నవ్విండు. “కేసేస్తె పైసలొస్తయి కావచ్చు బిడ్డా, మళ్ల పని రాదు” అన్నడు. ఈ ఒక్క మాటల మన చిన్న పరిశ్రమల బాధంతా ఉన్నది.

చట్టం మాత్రం గట్టిదే. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాసుకున్న ఒప్పందముంటె 45 రోజులు దాటొద్దు. ఒప్పందం లేకుంటె 15 రోజులే. దాటితె రిజర్వు బ్యాంకు చెప్పిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెల నెల చక్రవడ్డీ కట్టాలె. బ్యాంకు రేటు 6 ఉన్నదనుకో, వడ్డీ 18 అయితది. కేసు ఫెసిలిటేషన్ కౌన్సిల్ కాడికి పోతది, 90 రోజులల్ల తేల్చాలెనని చట్టంల రాసున్నది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను దిక్కు నుంచి సుత ఒక ముకుతాడు ఏసిన్రు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువుల పైసలియ్యకుంటె, ఆ ఖర్సును కొన్న కంపెనీ ఆ ఏడాది లెక్కల చూపెట్టుకోరాదు, ఇచ్చిన ఏడాదే చూపెట్టుకోవాలె.

ఇగ అసలు సంగతి ఇనుండ్రి. ఆ కౌన్సిల్‌ల ఎవలుండాలెనో చట్టం 21వ సెక్షన్‌ల ఉన్నది. పరిశ్రమల శాఖ ఆఫీసరు, బ్యాంకులోళ్లు, దానితోపాటు రాష్ట్రంల చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధులు. అంటె చట్టమే సంఘానికి కుర్సీ ఏసి పెట్టింది. మన దిక్కు లేత్ షాపులకు గట్టి సంఘం లేకుంటె ఆ కుర్సీ ఖాళీగ ఉండదు, ఇంకెవలో కూసుంటరు. వాళ్లకు గోదావరిఖని షెడ్డు బాధ ఎట్ల తెలుస్తది?

కాకా భయం సుత సంఘంతోనే జర తగ్గుతది. కేసు ఎవని బిల్లుదో ఆడే ఏసుకోవాలె, అది నిజమే. కని కేసు దాకా పోకముందే “మా సభ్యులయి ఇన్ని బిల్లులు 45 రోజులు దాటినయి” అని సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తె, అండ్ల ఒక్కని పేరు బయటికి రాదు. కంపెనీ ఒక్కని మీద కోపం వట్టొచ్చు, ముప్పై షాపుల మీద వడితె దాని మిషిన్లే ఆగుతయి.

కోయంబత్తూరోళ్లు ఏం చేసిన్రు?

ఇది మనం కొత్తగ కనిపెట్టేది కాదు. అమెరికాల 1930లల్ల పెద్ద మాంద్యం వచ్చి ఫ్యాక్టరీలు మూతవడ్తున్నప్పుడు, 1933ల స్క్రూ మిషిన్ షాపులోళ్లు ఒక సంఘం పెట్టుకున్నరు. ఇయ్యాల అది ప్రెసిషన్ మెషిన్డ్ ప్రొడక్ట్స్ అసోసియేషన్ పేరు మీద నడుస్తనే ఉన్నది. మన పక్కకు కోయంబత్తూర్‌ల 1969ల కొడీసియా పుట్టింది. చిన్న పరిశ్రమలోళ్ల సంఘమది. ఇయ్యాల వాళ్లకు సొంత ఎగ్జిబిషన్ కాంప్లెక్సు ఉన్నది. కొనెటోళ్లే మిషిన్లు చూసుకుంట వాళ్లూరికొస్తరు.

హైదరాబాద్‌ల 1993ల ఆడోళ్లు అలీప్ పేరుతోని సంఘం కట్టి, గాజులరామారం కాడ సొంతంగ ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్ తెచ్చుకున్నరు. తెలంగాణ పారిశ్రామికవేత్తల సమాఖ్య కొట్లాడి, సర్కారుతోని కలిసి చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్‌ల ఎంఎస్ఎంఈ పార్కు తెచ్చింది. అది 2019 నవంబర్‌ల మొదలైంది. ఒక్క షాపాయన దరఖాస్తు పెట్టుకుంటె పార్కు వస్తదా? జాగ ఒక్కనికి ఇయ్యరు, గుంపుకు ఇస్తరు.

“అయ్యన్ని పట్నపోళ్ల ముచ్చట్లు” అంటరా? అయితె మన పాత కరీంనగర్ జిల్లా ముచ్చటనే చెప్త. 1956ల ముల్కనూర్‌ల రైతులు సహకార సంఘం పెట్టుకున్నరు. అప్పు, విత్తనం, ఎరువు, పంట అమ్ముకునుడు అన్ని ఒక్క కాడ. దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోయిన సంఘమది. తర్వాత ఆడోళ్లు పాల డెయిరీ సుత పెట్టిన్రు. ఇంకోటి, కరీంనగర్ వెండి తీగ పని. ఫిలిగ్రీ అంటరు. వెంట్రుక లెక్క వెండి తీగను తిప్పి నగిషీ చేసే ఈ పనికి జీఐ గుర్తింపు ఉన్నది. ఆ చట్టం ప్రకారం జీఐకి ఒక్క మనిషి తన పేరు మీద దరఖాస్తు పెట్టరాదు. ఉత్పత్తిదారుల సంఘమో, సంస్థనో, చట్టం కింద ఏర్పడ్డ అథారిటీనో పెట్టాలె. ఎంత గొప్ప కళాకారుడైనా ఒక్కడుంటె కాయిదం రాదు. సూటి పని చేసుడు మన దిక్కు కొత్త కాదు, కలిసి పని చేసుడూ కొత్త కాదు. రెండు కలుపుడే బాకీ ఉన్నది.

కొలిచే మిషిన్ కలిసి కొందాం

పెద్ద కంపెనీ ఆర్డర్ కావాలంటె “బాగ చేసిన సార్” అంటె నడువది. కొలిచి, రిపోర్టు ఇయ్యాలె. మైక్రోమీటర్ సరిగ్గ చూపెడుతున్నదని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలె. మెటల్ ఏం గ్రేడో టెస్టు కాయిదం ఉండాలె. మూడు దిక్కుల కొలిచే సీఎంఎం మిషిన్ లక్షల్లల్ల ఉంటది. ఒక్క షాపుల రోజుకు గంట సుత దానికి పని ఉండదు. ఇరవై షాపులకు ఒకటుంటె రోజంతా పని ఉంటది.

కేంద్రానికి ఎంఎస్ఈ క్లస్టర్ స్కీము ఉన్నది. కొన్ని యూనిట్లు కలిసి ఒక సంస్థగ ఏర్పడితె, ఉమ్మడి సౌకర్యాల సెంటర్ ఖర్సుల పెద్ద వాటా గ్రాంటుగ ఇస్తది. టెస్టింగ్ ల్యాబ్, హీట్ ట్రీట్‌మెంట్, సీఎన్‌సీ సెంటర్ ఏదైనా పెట్టుకోవచ్చు. ఇప్పుడు హీట్ ట్రీట్‌మెంట్ కోసం, గేరు గ్రైండింగ్ కోసం హైదరాబాద్‌కు బస్సుల డబ్బ పెట్టి పంపే షాపులోళ్లు ఎంతమంది లేరు? ఆ రానుపోను టైమే గిరాకీని పక్క జిల్లాకు మళ్లిస్తది.

కరెంటు సంగతి సుత అంతే. చార్జీలు పెంచే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతది. ఎవలైనా అభ్యంతరం చెప్పొచ్చు. మనకు కరెంటిచ్చే ఎన్పీడీసీఎల్ హెడ్డాఫీసు హనుమకొండల్నే ఉన్నది, దూరం కాదు. కని చిన్న పరిశ్రమ తరఫున లెక్కలు రాసుకోని పోయెటోడు కావాలె గద!

పొల్లగాండ్లు ఎటు పోవాలె?

ఇది చదివెటోళ్లల్ల షాపు ఓనర్లు తక్కువ, ఐటీఐ, డిప్లొమా చదివిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఎక్కువ. “మాకేం సంబంధం” అనుకోకుండ్రి. అసలు సంబంధం మీకే ఉన్నది.

2024ల రాష్ట్ర సర్కారు 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తమని ఒప్పందం చేసుకున్నది. సీఎన్‌సీ, రోబోటిక్స్ నేర్పిస్తరు. మంచిదే. కని నేర్చుకున్నంక పని ఎక్కడ? బాలానగర్‌ల 1968 నుంచి టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది, సీఐటీడీ అంటరు. దాని చుట్టు వందల షాపులున్నయి. నేర్చుకున్నోడు గోడ దాటితె పని దొరుకుతది. మన కాడ నేర్చుకున్నోడు ఒకటి బాలానగర్ బస్సెక్కుతడు, లేకుంటె దుబాయ్ ఫ్లైటెక్కుతడు. ఊర్లె మిషిన్ ముంగట యాభై దాటిన మేస్త్రీ ఒక్కడే నిలవడ్తడు. ఆయన చేతుల ఉన్న ఇల్మ్ ఆయనతోనే పోతది.

ఒక్క చిన్న షాపు అప్రెంటిస్‌ను తీసుకోవాలంటె కాయిదాలకే భయపడ్తది. సంఘముంటె సభ్యుల తరఫున ఆ కాయిదం పని చూస్తది. ఐటీఐ ప్రిన్సిపాల్‌తోని కూసోని “మాకు గిట్ల పని వచ్చిన పొల్లగాండ్లు కావాలె” అని చెప్తది. డ్రాయింగ్ చదువుడు, సీఎన్‌సీ ప్రోగ్రాం రాసుడు వచ్చిన మీరు, చేతి అంచనా ఉన్న మేస్త్రీ ఒక్క కాడ పనిచేస్తె ఆ షాపును ఎవలూ ఆపలేరు.

సంఘమంటె ఫ్లెక్సీ కాదు

మీ మనసుల ఏమున్నదో నాకు ఎరుకే. “సంఘమంటె చందాలు, ఫ్లెక్సీలు, ఎలక్షన్ల ముందు ఒక లీడర్‌కు శాలువ.” అవును, అసుంటియి ఉన్నయి. పదేండ్లు ఒక్కడే అధ్యక్షుడు, లెక్కలు అడిగితె కోపం. పెద్ద షాపోడు ఆర్డర్లన్ని తనే తీసుకోని, చిన్నోళ్లకు మిగిలింది పారేసుడు. 2016ల జిల్లాలు ఇరిగినంక మండలానికొక బోర్డు, కులానికొక బోర్డు పెట్టుకునే ప్రమాదం సుత ఉన్నది. గసుంటి సంఘం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అందుకే ముందుగాల్నే రాసుకోవాలె. రెండేండ్లకోసారి ఎన్నిక. ఒక్కడు రెండుసార్ల కంటె ఎక్కువ పదవిల ఉండొద్దు. ఏడాదికోసారి లెక్క అందరి వాట్సప్‌కు రావాలె. ఒక్క మిషిన్ ఉన్నోనికి, పది మిషిన్లున్నోనికి ఒక్కటే ఓటు.

ఇంకో గీత సుత దాటొద్దు. “అందరం కలిసి గంటకు గింత రేటు, దాని కంటె తక్కువ చేయొద్దు” అని తీర్మానం చేస్తె అది 2002 కాంపిటీషన్ చట్టం కింద తప్పు. సిమెంటు కంపెనీల మీద, వాళ్ల సంఘం మీద 2012ల కాంపిటీషన్ కమిషన్ జరిమానా ఏసింది, ఆ కేసు పై దాకా పోయింది. సంఘం పని రేటు కట్టుడు కాదు. ఖర్సు లెక్క ఎట్ల ఏసుకోవాలెనో నేర్పుడు. కరెంటు, టూలు, మిషిన్ అరుగుదల, తన కష్టం అన్ని కలుపకుంట కొటేషన్ ఇచ్చుడు వల్లనే సగం షాపులు మునుగుతున్నయని నా అంచనా. ఆ లెక్క నేర్చుకుంటె ఎవని రేటు ఆడే సక్కగ ఏస్తడు.

హెల్పర్ల ముచ్చట సుత ఇడిచిపెట్టొద్దు. ఓనర్ల సంఘం కట్టి కూలి తొక్కిపెడితె, అది మళ్ల ఇంకొకని కడుపు కొట్టినట్టే. కంటద్దాలు, మిషిన్ గార్డులు, ఇన్సూరెన్సు అందరికి కలిపి చేస్తె ఖర్సు తక్కువ వడ్తది. ఏలు తెగిన హెల్పర్ ఒక్కడున్న షాపుకు పెద్ద కంపెనీ ఆడిట్‌ల మార్కులు పడయి.

రేపు పొద్దుగాల ఏం చేయాలె?

సొసైటీగ రిజిస్టర్ చేసుకునేటందుకు మన చట్టంల ఏడుగురు చాలు. ఏడు షాపులు లేని ఊరు గోదావరిఖని కాదు, మంచిర్యాల కాదు, కరీంనగర్ కాదు. మొదటి పని, ప్రతి షాపుకు ఉద్యం రిజిస్ట్రేషన్. అది ఫ్రీ, ఆన్‌లైన్‌ల ఆధార్‌తోని అయితది. ఏజెంట్‌కు వెయ్యి రూపాయలిచ్చే పని లేదు. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ పది కోట్ల లోపుంటె సూక్ష్మ యూనిట్ కిందనే లెక్క. మన షాపులు ఇంచుమించు అన్ని అండ్లనే వస్తయి.

రెండో పని, ఎవల కాడ ఏ మిషిన్ ఉన్నది, ఎంత పొడుగు, ఎంత మందం పని తీస్తది, ఎంత సూటిగ తీస్తది అని ఒక్క జాబితా. దాన్ని ఎన్టీపీసీ, సింగరేణి, ఆర్‌ఎఫ్‌సీఎల్ కొనుగోలు ఆఫీసులల్ల ఇయ్యాలె. మూడో పని, 45 రోజులు దాటిన బిల్లుల పట్టిక నెల నెల రాసుడు. ఈ మూడింటికి పెద్ద పైసలు కావు. కంప్యూటర్ మీద కూసునెటోడు ఒక్కడు కావాలె. తమ్మీ, చెల్లె, ఆ పని మీకొస్తది. మీ నాయినకో, కాకాకో, మామకో లేత్ షాపుంటె ఆ జాబితాల మొదటి పేరు వాళ్లదే రాయుండ్రి.

పెద్ద ఫ్యాక్టరీ వస్తె మన బతుకు మారుతదని నలభై ఏండ్ల సంది ఎదురుచూసినం. ఫ్యాక్టరీలు వచ్చినయి, కొన్ని పోయినయి, కొన్ని మళ్ల వచ్చినయి. వాటి గేటు బయట ఉన్న షెడ్డు మాత్రం అట్లనే ఉన్నది. ఆ షెడ్డుల పనితనానికి తక్కువ లేదు, పక్క షెడ్డుతోని కలిసి అడిగే అలవాటే లేదు. గేటు లోపటికి పోవాలంటె ముందుగాల పక్క షెటర్ కొట్టుండ్రి.